విర్పి కొండచిలువా, ఇరవై నాలుగు సౌనా వంతులూ

విర్పి కిన్నునెన్ ఫిన్లండులో వంట మనిషి. వర్కౌస్‌లో ఒక బడిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా నాలుగువందల ముప్ఫై మంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండి పెడుతోంది. యాభై ఆరో ఏట ఆవిడకి ప్రోగ్రాములు రాసే పిచ్చి పట్టుకుంది. అదీ పొరపాటున పట్టుకుంది.

ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం నడిపే సాయంకాలం బడిలో కేకుల తరగతికి చేరదామని ఫోను చేసింది. అవతల అమ్మాయి, "కేకులు నిండిపోయాయండీ. భూర్జ బెరడుతో బుట్టలల్లడం ఉంది, పైథాన్ ఉంది. ఏది రాయమంటారు?" అని అడిగింది.

"బుట్టలు మా అత్తగారు అల్లి పోసింది, ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆ రెండోదే రాయండి," అంది విర్పి.

ఆవిడ మొగుడు ఎస్కో బస్సుల మెకానిక్కు. సంగతి విని, తింటున్న రై రొట్టె కింద పెట్టాడు. "కొండచిలువని పెంచుతావా? ఏం తింటుందది?"

"మొగుళ్ళని. నెమ్మదిగా తింటుందట, నీకేం తెలియదులే."

ఆ చలికాలమంతా విర్పి తరగతికి వెళ్ళింది. తొమ్మిది మందితో మొదలైన తరగతిలో మార్చికి నలుగురు మిగిలారు, నలుగురిలో ఆవిడ ఒకతె. మొదటి ప్రోగ్రాము గురువారం బఠాణీ సూపుకి ఎన్ని బఠాణీలు కావాలో లెక్క కట్టేది. మూడు టన్నులు కావాలంది. పిల్లాడికి డెబ్భై గ్రాములు అనబోయి ఏడు కిలోలు అని రాసిందన్నమాట. అది చూసి విర్పి వంటగదిలో కుర్చీ మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఏ దేగిసా ఆవిడని అంతగా నవ్వించలేదు. ఆ రోజునుంచి ఇక వదల్లేదు. మధ్యాహ్నం రెండింటికి బడి పని అయిపోగానే ఇంటికొచ్చి, కాఫీ పెట్టుకుని, కంప్యూటరు తెరిచేది.

ఇదంతా ఎవరికీ అడ్డం రాని సరదాయే, సెప్టెంబరులో వాళ్ళ భవనంవాళ్ళ సమావేశం జరిగేదాకా.

ఆ భవనంలో ఇరవై నాలుగు ఇళ్ళు. నేలమాళిగలో అందరికీ కలిపి ఒక్కటే సౌనా, ఆవిరిస్నానం గది. ఇంటికి వారానికో గంట. శుక్రవారం, శనివారం సాయంత్రాలు అందరికీ కావాలి, మంగళవారం నాలుగు గంటల వంతు పిల్లిక్కూడా అక్కర్లేదు. శనివారం ఆరు గంటల వంతు మూడో అంతస్తు ఆతోస్ లాంపినెన్‌ది. ఆయనకి ఎనభై ఏళ్ళు, కాగితం మిల్లులో క్రేను నడిపి రిటైరయ్యాడు. భవనం కట్టిన ఏడాది తీసుకున్న వంతు, ముప్ఫై నాలుగేళ్ళుగా వదల్లేదు. రెండో అంతస్తులో నూరా అని, కవల ఆడపిల్లల తల్లి, ఆ వారాంతం వంతుల కోసం మూడేళ్ళుగా పేరు రాసి ఎదురుచూస్తోంది.

సమావేశంలో నూరా అడిగేసింది. "ఎన్నాళ్ళండీ ఇలా? ఎవరైనా పోతే తప్ప వంతు ఖాళీ అవదా?"

"నా వైపు చూసి అంటావేంటమ్మాయ్?" అన్నాడు లాంపినెన్.

"మీ వైపు చూళ్ళేదు, గోడవైపు చూశాను."

"గోడ ముందు నేనే కూచున్నాను!"

అక్కడినుంచి గొడవ ముదిరింది. చీటీలు వేద్దామని ఒకరన్నారు. చీటీలు మడిచేవాడు ఏ చీటీ ఏదో గుర్తు పెట్టుకుంటాడని ఇంకొకరన్నారు. సంఘం పెద్ద హన్నెలె బల్లమీద కలంతో కొడుతూనే ఉంది, ఎవరూ వినడంలేదు. అప్పుడు విర్పి నోట్లోంచి ఒక మాట జారిపోయింది.

"దానికి నేను ప్రోగ్రాము రాస్తాను. కంప్యూటరే చీటీ తీస్తుంది. దానికి చుట్టాల్లేరు కదా."

ఎస్కో కళ్ళు మూసుకున్నాడు. హన్నెలె మాత్రం గబగబా రాసేసుకుంది: ఆరునెలలకోసారి వంతులు కంప్యూటరు తీస్తుంది, ప్రోగ్రాము విర్పి కిన్నునెన్ రాస్తుంది. సమావేశం పుస్తకంలోకి ఎక్కిన మాటని ఇక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

మూడు వారాలు కూచుని రాసింది. ఇరవై నాలుగు ఇళ్ళకి ఇరవై నాలుగు ఖాళీ జాబితాలు చేసి, ఒక్కో దాంట్లో ఒక్కో వంతు వేయాలి. రాసి, నడిపించి చూస్తే లాంపినెన్‌కి శనివారం ఆరు వచ్చింది. నూరాకీ శనివారం ఆరే వచ్చింది. ఇరవై నాలుగు ఇళ్ళకీ శనివారం ఆరు వచ్చింది, దాంతోపాటు మంగళవారం నాలుగూ వచ్చింది, మిగతా ఇరవై రెండు వంతులూ వచ్చాయి. అంటే అందరూ అన్ని గంటలూ సౌనాలోనే ఉండాలి.

"అద్భుతం!" అన్నాడు ఎస్కో భుజం మీంచి తొంగి చూసి. "అందరికీ అన్నీ. సరిగ్గా ఇదే కదా వాళ్ళు అడిగింది."

"నీ బస్సు దగ్గరికి పో."

తరగతి పంతులు వసంతకాలంలోనే ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. విర్పి ఇంటర్నెట్టులో ప్రోగ్రాములు రాసేవాళ్ళ చర్చావేదిక ఒకటి వెతికి పట్టుకుని, తన బాధ రాసింది: "సౌనా పనిచెయ్యడంలేదు, దయచేసి సాయం చెయ్యండి."

మొదటి జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది. "విద్యుత్తు మిస్త్రీని పిలువు."

రెండో జవాబు: "ఏ తప్పు చూపిస్తోంది?"

"ఏ తప్పూ చూపించడంలేదు. అదే నా బాధ," అని రాసింది విర్పి.

"రాసింది చూపించకుండా మేమేం చెప్తాం? జోస్యమా?"

సరే చూపిద్దామని కంప్యూటరు తెరని ఫోనుతో ఫోటో తీసి పెట్టింది. ఇక చూడాలి తిట్లు. ఫోటోలు పెట్టకూడదని తెలీదా, అక్షరాలు నకలు చేసి పెట్టాలి, నీ ఫోటోలోంచి మేం మళ్ళీ టైపు చేసుకోవాలా అని ముగ్గురు. ఇదివరకే ఎవరో అడిగిన ప్రశ్న, వెతుక్కోకుండా వచ్చావు అని నాలుగో ఆయన. అయిదో మనిషి ఇంకేదో అడిగింది: "ఆ మూల కనిపించే ఊలు మేజోళ్ళు ఎవరు అల్లారు? మడమ దగ్గర అల్లిక చాలా బాగుంది."

మేజోళ్ళు ఎస్కోవి. బల్లమీద కాళ్ళు పెట్టుకుని కూచున్నాడు, ఫోటోలో పడ్డాడు. సాయంత్రానికి విర్పి ప్రశ్న కింద పందొమ్మిది జవాబులు చేరితే, అందులో పదకొండు మేజోళ్ళ గురించే.

ఇరవై తొమ్మిదేళ్ళలో విర్పిని వంటగదిలో ఎవరూ అలా కసిరింది లేదు. ఉక్రోషం వచ్చింది. మర్నాడు పద్ధతి ప్రకారం అంతా అక్షరాల్లో పెట్టి, కింద ఒక ముక్క చేర్చింది: "నేను ఇది చేస్తానని ఇరవై మూడు ఇళ్ళవాళ్ళ ముందు ఒప్పుకున్నాను. రోజూ మెట్లమీద వాళ్ళకి ఎదురుపడాలి. తిట్టేవాళ్ళు తిట్టండి గానీ తిట్టాక చెప్పండి."

దానికి తుప్పుమేకు అనే పేరుతో ఒకరు జవాబిచ్చారు. ఆడో మగో, ముసలో పడుచో ఆ పేరునుబట్టి తెలీదు. రెండే వాక్యాలు. "రెండో వరస తర్వాత ఆగి చూడు. ఆ జాబితాలు గిన్నెలనుకుంటే, నీ దగ్గర ఎన్ని గిన్నెలున్నాయి?"

విర్పికి ఒళ్ళు మండింది. "నేను వంట మనిషిని. గిన్నెలు లెక్కపెట్టడం నాకు నేర్పక్కర్లేదు. ఇరవై నాలుగు."

"పేర్లు ఇరవై నాలుగు. గిన్నెలెన్ని? ప్రతి గిన్నెకీ అడుగున ఒక సంఖ్య ఉంటుంది. అవి తెరమీద వేయించి చూడు."

వేయించింది. ఇరవై నాలుగు సంఖ్యలూ పైనుంచి కిందదాకా ఒక్కటే. అప్పుడు తెలిసొచ్చింది. ఒక ఖాళీ జాబితా చేసి, దాన్ని ఇరవై నాలుగుతో హెచ్చవేసింది తను. కంప్యూటరు కొత్త గిన్నెలేవీ చెయ్యలేదు, ఉన్న ఒక్క గిన్నెకే ఇరవై నాలుగు పేర్ల కాగితాలు అంటించింది. ఎవరి వంతు వేసినా పడేది ఆ ఒక్క దాంట్లోకే.

"ఇది నా వంటగదిలో జరిగితే కంప్యూటర్ని పనిలోంచి తీసేసేదాన్ని," అని రాసింది.

"అది నువ్వు చెప్పిందే చేసింది. తీసెయ్యాల్సింది నిన్ను," అంది తుప్పుమేకు. కింద ఒక నవ్వు బొమ్మ. ఆ వేదికలో తుప్పుమేకు నవ్వు బొమ్మ పెట్టడం అదే మొదటిసారని తర్వాత ఎవరో చెప్పారు.

ఇద్దరికీ ఒకరకంగా కుదిరింది. విర్పి అడగడం, తుప్పుమేకు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వెయ్యడం, విర్పి ఉడుక్కోవడం, ఉడుక్కుంటూనే కనుక్కోవడం. ఒకరోజు తుప్పుమేకు ఒక సలహా ఇచ్చింది: "పరీక్షించేటప్పుడు చీటీలు ప్రతిసారీ మారిపోతూ ఉంటే, తేడా నీ తప్పువల్ల వచ్చిందో అదృష్టంవల్ల వచ్చిందో తెలీదు. పైన ఒక వరస చేర్చు. దాన్ని విత్తనం అంటారు. అది ఉన్నంతసేపూ చీటీలు ఎన్నిసార్లు తీసినా ఒకే వరసలో వస్తాయి. పరీక్ష అయ్యాక తీసెయ్యి."

విర్పి చేర్చింది. ఇక రోజూ నడిపించడం, తప్పు దిద్దడం, మళ్ళీ నడిపించడం. ప్రతిసారీ కిన్నునెన్‌లకి శుక్రవారం ఏడు గంటలు వచ్చేది. భవనం మొత్తంలో శుక్రవారం ఏడుని మించిన వంతు లేదు. వారం పని అయిపోయింది, మర్నాడు సెలవు, సౌనాలోంచి వచ్చి చల్లటి బీరు పట్టుకుని బాల్కనీలో కూచోవచ్చు. ఉత్త పరీక్షే కదా అని తెలిసినా, ఆ వరస తెరమీద కనబడ్డప్పుడల్లా విర్పికి కాస్త హాయిగా ఉండేది. ఎస్కోకి చెప్పింది కూడా. ఎస్కో వెళ్ళి, బాల్కనీకి కొత్త కుర్చీ కొన్నాడు.

అక్టోబరు ఆఖర్న జాబితా అచ్చు తీసి, కింద ప్రకటనల పలకమీద అంటించింది.

మర్నాటికి లాంపినెన్ మంగళవారం నాలుగు గంటల వంతు పక్కన ఎవరో పెన్సిలుతో "పాపం" అని రాశారు. ఆ మర్నాటికి కిన్నునెన్ శుక్రవారం ఏడు పక్కన "అబ్బో!" అని రాశారు. మెట్లమీద నూరా ఎదురై, నవ్వకుండా వెళ్ళిపోయింది. ఆవిడకి ఆదివారం ఎనిమిది వచ్చింది, పిల్లలు నిద్రపోయే వేళ.

ఆ మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. లాంపినెన్. బూట్లు గుమ్మంలో విప్పి, పిలవకుండానే వంటగదిలోకి వచ్చి కూచున్నాడు.

"నీ పాముకి నామీద కక్ష ఏంటమ్మాయ్?"

"కక్షేం లేదండీ. చీటీలు అలా వచ్చాయి."

"అయితే మళ్ళీ తియ్యి. నేను చూస్తాను."

"మీకు మంగళవారం వచ్చిందని మళ్ళీ తీస్తే, ఇంకొకళ్ళకి వచ్చిందని మళ్ళీ తియ్యాలి కదా."

"పలకమీద పెట్టొద్దు. ఉత్తినే తియ్యి. ముసలాడికి కాలక్షేపం."

విర్పి ఆయనకి కాఫీ పోసి, ప్రోగ్రాము నడిపించింది. లాంపినెన్, మంగళవారం నాలుగు. మళ్ళీ నడిపించింది. లాంపినెన్, మంగళవారం నాలుగు. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశాడు.

"నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు క్రేను నడిపాను," అన్నాడు. "కంప్యూటర్లు నాకు తెలీవు. కానీ టోపీలో ఇరవై నాలుగు చీటీలు వేసి, నాలుగుసార్లు తీస్తే నాలుగుసార్లూ ఒకటే వచ్చిందంటే, నేను చీటీలని అడగను. టోపీ పట్టుకున్నవాణ్ణి అడుగుతాను. ఇదిగో, నీకూ నాలుగుసార్లూ శుక్రవారం ఏడే."

ముసలాయన కాఫీ మొత్తం తాగాడు, యాలకుల బన్ను తిన్నాడు, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది.

విర్పి తుప్పుమేకుకి రాసింది: "చీటీలు మారడంలేదు. ఎందుకు?"

"విత్తనం తీశావా?"

తియ్యలేదు. మూడో వరసలో, తను పెట్టినచోటే, బుద్ధిగా కూచుని ఉంది. పలకమీద అంటించింది చీటీల ఫలితం కాదు, పరీక్ష ఫలితం. తనకి శుక్రవారం ఏడు ఇచ్చే పరీక్ష.

"మర్చిపోయాను," అని రాసింది. మర్చిపోయింది, నిజమే. వేరుశనగ తిననివ్వకూడని పిల్లాడి పేరు ఒక్కరోజు కూడా మర్చిపోనిది ఈ వరస ఎలా మర్చిపోయింది? ఆ హాయి మర్చిపోనిచ్చిందా? దానికి జవాబు తుప్పుమేకు దగ్గర కూడా ఉండదు.

ఎస్కోకి చెప్పింది. ఎస్కో బాల్కనీలోని కుర్చీవైపు ఒకసారి చూశాడు. "కుర్చీ వాపసు తీసుకోరు," అన్నాడు. తర్వాత, "వెళ్ళి చెప్పెయ్యి. నేనూ వస్తాను," అన్నాడు.

"నువ్వెందుకు?"

"కొడితే ఇద్దర్ని కొడతారు. తలా కాస్త తగ్గుతుంది."

ఇద్దరూ వెళ్ళి లాంపినెన్‌కి విత్తనం సంగతి చెప్పారు. ఎవరూ కొట్టలేదు. విర్పి జాబితా చింపేసి, దాని స్థానంలో చేత్తో రాసిన కాగితం అంటించింది: "తప్పు కంప్యూటరుది కాదు, నాది. చీటీలు నిజంగా కలవలేదు. కనిపెట్టింది ఆతోస్ లాంపినెన్. ఆదివారం రెండు గంటలకి నేలమాళిగలో అందరి ముందు మళ్ళీ తీస్తాను. బన్నులుంటాయి."

ఆదివారం ఇరవై నాలుగు ఇళ్ళలో ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఏ సమావేశానికీ అంతమంది రాలేదని హన్నెలె పుస్తకంలో రాసుకుంది. లాంపినెన్ మెడకి టై కట్టుకుని వచ్చి, కంప్యూటరు పక్క కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"ఏదీ ఆ విత్తనం? చూపించు."

విర్పి చూపించింది.

"చెరుపు."

చెరిపింది.

"ఇంకోసారి చెరుపు."

"ఒకసారి చెరిపితే చాలండీ."

"పోయినసారీ నువ్వు చాలనే అనుకున్నావ్."

గది గొల్లుమంది. విర్పి కూడా నవ్వింది, వారం తర్వాత మొదటిసారి. అయిదుసార్లు ఉత్తుత్తి చీటీలు తీసి చూపించింది. అయిదుసార్లూ వేరువేరుగా వచ్చాయి. లాంపినెన్‌కి ఒకసారి శనివారం ఆరు కూడా వచ్చింది. "ఇక్కడే ఆపెయ్యండి!" అన్నాడు ఆయన. నూరా, "కుదరదు!" అని అరిచింది, కవలలిద్దరూ కూడా "కుదరదు!" అని అందుకున్నారు.

"అసలుది మీరే నొక్కండి," అని విర్పి కంప్యూటరు ఆయనవైపు తిప్పింది. ముసలాయన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, క్రేను మీట పట్టుకున్నంత జాగ్రత్తగా నొక్కాడు.

లాంపినెన్, మంగళవారం నాలుగు.

విర్పికి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. లాంపినెన్ తెరవైపు చూశాడు, తన వేలివైపు చూశాడు, మళ్ళీ తెరవైపు చూశాడు. కిన్నునెన్‌లకి గురువారం ఎనిమిది వచ్చింది. నూరాకి శుక్రవారం అయిదు. మిగతావన్నీ తారుమారయ్యాయి. మారంది ఆయనదొక్కటే.

"వేలు నాదే," అన్నాడు చివరికి. "నా వేలితో నేనేం పోట్లాడతాను?" అని బన్ను అందుకున్నాడు.

శనివారం ఆరు గంటల వంతు మొదటి అంతస్తు వెస్తెరినెన్ అక్కచెల్లెళ్ళకి పడింది. వాళ్ళు శనివారాలు డాన్సుకి వెళ్తారు. వాళ్ళంతట వాళ్ళే, "మార్చుకుందామా ఆతోస్?" అని అడిగారు.

"ఆగండి. ముప్ఫై నాలుగేళ్ళుగా మంగళవారాన్ని తిడుతున్నాను. ఒకసారి వెళ్ళి చూసొచ్చాక తిడితే న్యాయంగా ఉంటుంది."

వెళ్ళి చూసొచ్చాడు. సోమవారం సౌనాకి సెలవు కాబట్టి మంగళవారం నాలుగుకి బల్లలు పొడిగా ఉన్నాయి. పొయ్యి మీది వేడిరాళ్ళమీద అంతకుముందు ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. తను పోసిన మొదటి గరిటెకే ఆవిరి మెత్తగా లేచి వీపు చుట్టూ దుప్పటిలా పరుచుకుంది. తొందరపెట్టి తలుపు కొట్టేవాడు లేడు. శనివారం ఆరుకి ఎప్పుడూ నాలుగిళ్ళవాళ్ళ చెమట తర్వాత తను వెళ్ళేవాడు, ఆ సంగతి ఇన్నేళ్ళూ తట్టలేదు. నోరు మూసుకుని అనుభవిస్తే సరిపోయేది. కానీ ఆయన చెత్త పారబొయ్యడానికి వెళ్ళినా చెప్పాడు, ఉత్తరాల పెట్టె దగ్గరా చెప్పాడు, బస్టాపులోనూ చెప్పాడు. అక్కచెల్లెళ్ళకి మాత్రం, "మార్పిడి లేదు," అని ఒక్క ముక్కలో చెప్పాడు. వాళ్ళు శనివారం వంతుని నూరాకిచ్చి శుక్రవారం అయిదు పుచ్చుకున్నారు.

జనవరిలో హన్నెలె విర్పిని మెట్లమీద ఆపింది. "వచ్చేసారి చీటీలకి ఎవరికేది ఇష్టమో ముందే చీటీ రాసి నా పెట్టెలో వెయ్యమన్నాను. ప్రోగ్రాము అదీ చూసుకునేలా చెయ్యగలవా?"

"ఎంతమంది ఇచ్చారు?"

"పదకొండు మంది. పదకొండూ మంగళవారం నాలుగే."

ఆ పని ఎలా చెయ్యాలో విర్పికి తెలీదు. తుప్పుమేకుని అడిగితే, ఎప్పట్లాగే ఎదురు ప్రశ్న వేసింది: "ఒకటే వంతు, పదకొండు మంది. న్యాయం అంటే ఏమిటో ముందు నువ్వు తేల్చుకున్నావా?" విర్పి రెండు రోజులు ఉడుక్కుంది. మూడో రోజు మూడో అంతస్తుకి ఎక్కి లాంపినెన్ తలుపు కొట్టింది. సలహా అడగడానికే వెళ్ళింది. కానీ మంగళవారం కావడంతో ఆయన అప్పుడే సౌనాలోంచి వచ్చి, ఎర్రగా మెరిసిపోతూ, తువ్వాలు మెడకి చుట్టుకుని నిలబడ్డాడు. ఆ మొహం చూసేసరికి అడగాల్సింది మర్చిపోయింది.

"మీరు ఈ ఒక్కసారికి మాతో మార్చుకుంటారా? నాకు మంగళవారం రెండింటికే పని అయిపోతుంది," అంది.

లాంపినెన్ ఆవిణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"చీటీ రాసి హన్నెలె పెట్టెలో వెయ్యమ్మాయ్," అన్నాడు, తలుపు నెమ్మదిగా వేసుకుంటూ. "అందరిలాగే."